రెండు కార్బొరేటర్లు, ఒక తాపీ మేస్త్రి గొట్టం

తాపీ మేస్త్రులు పునాది ఈ మూల నుంచి ఆ మూలకి మట్టం చూసే నీళ్ళ గొట్టం అందరం చూసిందే. అందులో నీళ్ళు పారబోసి, నాలుగు చెంచాల టూటీ ఆయిల్ పోసి, రెండు కొసలూ రెండు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ మోటార్ సైకిల్ ఇంజనుకు తగిలిస్తే, కార్బొరేటర్లు రెండూ సమానంగా తెరుచుకుంటున్నాయో లేదో అది చెప్పేస్తుంది. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు భలే ముచ్చటేసింది. విదేశాల్లో ఇదే పనికి అందమైన పెట్టెలో పెట్టి, వెంట ఒక పుస్తకం కూడా ఇచ్చి పనిముట్లు అమ్ముతారు. తెనాలిలో గొట్టాన్ని హార్డ్‌వేర్ కొట్లో మీటర్ల లెక్కన కోసిస్తారు.

తమాషా ఏమిటంటే, కార్బొరేటర్లు రాజ్యమేలిన రోజుల్లో మన డెల్టాలో ఈ గొట్టంతో ఎవరికీ పని పడలేదు. మన రోడ్ల మీద తిరిగిన బళ్ళన్నీ దాదాపు ఒక్క సిలిండరువే. జావా, యెజ్డీ బళ్ళకు రెండు పక్కలా రెండు సైలెన్సర్లు చూసి డబల్ ఇంజన్ అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నిజానికి ఆ 250 సీసీ బండికి సిలిండరు ఒక్కటే, పొగ పోవడానికి దారులు మాత్రం రెండు. అసలైన డబల్ ఇంజన్ బండి 1983లో వచ్చింది, రాజ్‌దూత్ 350. యమహా ఆర్‌డీ 350ని ఎస్కార్ట్స్ వాళ్ళు ఇక్కడ తయారుచేసి వదిలారు. 347 సీసీ, రెండు సిలిండర్లు, రెండు కార్బొరేటర్లు. హెచ్‌టీ (హై టార్క్) రకానికి ముప్ఫై హార్స్‌పవర్ పైమాటే. అంత ఉరికే బండికి ముందు చక్రానికి డిస్క్ బ్రేకు తీసేసి డ్రమ్ము బిగించారు. దాని పెట్రోలు తాగుడు సంగతి తెలిసిన ఏ తండ్రీ కొడుక్కి దాన్ని ఇష్టపడి కొనిచ్చి ఉండడు.

టూ స్ట్రోక్ బండి కాబట్టి దీనికి గొట్టంతో పనిలేదు. యాక్సిలరేటర్ గ్రిప్ నుంచి బయల్దేరిన కేబుల్ కిందకొచ్చి మూడుగా చీలుతుంది. రెండు కార్బొరేటర్లకి రెండు, ఆయిల్ పంపుకి ఒకటి. గ్రిప్ తిప్పగానే కార్బొరేటర్ల లోపలి రెండు స్లైడ్లూ ఒకే క్షణంలో లేవాలి. ఒకటి వెంట్రుకవాసి ముందు లేచినా ఒక సిలిండరు లాగుతుంది, రెండోది వేలాడుతుంది, ఐడ్లింగ్‌లో బండి కుంటుతుంది. పంపు కేబుల్ వెనకబడితే ఇంకా ప్రమాదం, ఆయిల్ అందక పిస్టన్ పట్టేస్తుంది. సూర్యలంక ఉప్పుగాలి తగిలే బాపట్ల వైపు కేబుళ్ళు తుప్పుపట్టి ఒకటి బిగుసుకుంటే చాలు, నెలక్రితం కుదిరిన లెక్క చెడిపోయేది.

మరి ఎలా కుదిర్చేవారు? ఎయిర్ ఫిల్టరు ఊడదీసి రెండు నోళ్ళలోనూ రెండు వేళ్ళు పెట్టి, గ్రిప్ మెల్లిగా తిప్పుతూ, స్లైడ్లు వేళ్ళకి ఒకేసారి తగులుతున్నాయా అని చూసేవారు. చెయ్యి తిరిగిన మెకానిక్కులు ఒకే సైజు డ్రిల్ బిట్లు రెండు తీసుకుని చెరో స్లైడు కిందా పెట్టేవారు. రెండూ ఒకేసారి జారిపడితే సరిపోయినట్టు. ఆ తర్వాత చెవి. పెట్రోలు పైపు ముక్క ఒక కొస చెవి దగ్గరా, రెండో కొస కార్బొరేటర్ నోటి దగ్గరా పెట్టి, ఈ పక్క బుస్సుమనడం, ఆ పక్క బుస్సుమనడం పోల్చుకోవాలి. షెడ్డులో రేడియో మోగుతుంటే ముందు దాన్ని ఆపేవాళ్ళు. చెవితో ట్యూన్ చేసే ఆ విద్యను ఎవరూ రాసిపెట్టలేదు. దాన్ని కాగితం మీద పెట్టకుండా వదిలేయడం మన పత్రికలు, పాలిటెక్నిక్‌లు చేసిన తప్పు అని నా కచ్చితమైన అభిప్రాయం. పెళ్ళి పందిళ్ళకీ పెళ్ళి వంటలకీ కేటాయించిన పేజీల్లో ఒక్కటి దీనికి ఇవ్వాల్సింది.

ఇక గొట్టం సంగతి. దాని పుట్టుక వెతుకుతూ పోతే ఇటలీలో బావుల దగ్గర తేలాను. గాలిని పీల్చి నీళ్ళు తోడే పంపు ఎంత గట్టిదైనా పద్దెనిమిది మూరలు దాటి నీటిని పైకి లాగలేదని గెలీలియో 1638 నాటి తన పుస్తకంలో రాశాడు. మన లెక్కలో పది మీటర్ల చిల్లర. పంపు చెడిపోయింది కాబోలు అని ఆయన అనుకుంటే, చెడిపోలేదు, అంతకుమించి ఏ పంపూ లాగలేదని పనివాడే చెప్పాడట. కారణం గెలీలియోకి సరిగ్గా అందలేదు. రోములో గాస్పారో బెర్తీ అనే ఆయన తన ఇంటి గోడకి పొడుగాటి సీసపు గొట్టం నిలబెట్టి నీళ్ళతో ప్రయత్నించాడు. అది చూడ్డానికి మేడ ఎక్కాలి, దిగాలి. టొరిచెల్లి అనే ఆయన చేసిన గొప్ప పని ఏమిటంటే నీళ్ళ బదులు పాదరసం వాడటం. పాదరసం నీటికన్నా 13.6 రెట్లు బరువు, అందుకని పది మీటర్ల గొట్టం కాస్తా మీటరుకి కుదించుకుపోయింది. 1644కల్లా ఆ ప్రయోగం వివరాలు ఉత్తరాల్లో తిరగసాగాయి. గొట్టంలో పాదరసాన్ని 76 సెంటీమీటర్ల దగ్గర నిలబెడుతున్నది లోపలి శూన్యం లాగడం కాదు, బయటి గాలి బరువు నొక్కడం. మనం గాలి సముద్రం అడుగున బతుకుతున్నామన్న ఊహ అప్పుడు గట్టిపడింది.

ఈ వార్త పారిస్ చేరింది కానీ అక్కడి గాజు గొట్టాలు పాదరసం బరువుకి ఆగక పగిలిపోయాయి. మంచి గాజు బట్టీలున్న రువాన్ ఊళ్ళో కుర్ర పాస్కల్‌కి అదృష్టం కలిసొచ్చింది. ఆయన 46 అడుగుల గాజు గొట్టాలు పోయించి, ఓడ తెరచాప కొయ్యకి కట్టించి, ఒకదాంట్లో నీళ్ళూ ఒకదాంట్లో ఎర్ర ద్రాక్షసారా నింపి జనం ముందు లేపాడు. సారాలో ఆవిరి ఎక్కువ, అది తప్పకుండా నీటికన్నా కిందనే నిలబడుతుందని పాతకాలపు పండితులు పందెం కాసినంత పని చేశారు. సారా నీటికన్నా తేలిక కాబట్టి పైన నిలబడింది! 1648 సెప్టెంబరులో ఆయన బావగారు పాదరసం గొట్టాన్ని కొండెక్కించి, పైకి వెళ్ళేకొద్దీ మట్టం తగ్గుతుందని చూపించాడు. ఈ పదేళ్ళ గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు. పాదరసంతో బంగారం చేస్తానన్న సిద్ధ నాగార్జునుడి కథలు కృష్ణ ఒడ్డునే, మనకి అంత దగ్గరగా పుట్టాయి. పాదరసాన్ని పుటం పెట్టి, మర్దించి, మూటలు కట్టారు గానీ ఒక గాజు గొట్టంలో పోసి నిలబెట్టి చూడాలని ఎవరికీ తోచలేదేమో!

తర్వాతి రెండు శతాబ్దాలు గబగబా దాటేస్తాను. 1849లో ఫ్రాన్స్‌లో బూర్డన్ ముల్లు తిరిగే గేజికి పేటెంటు తీసుకున్నాడు. 1893లో జర్మనీలో మేబాక్ పెట్రోలుని తుంపరగా చిమ్మే కార్బొరేటర్ చేశాడు, అదే సమయంలో హంగరీలో బాంకీ, చోంకా కూడా. 1969లో హోండా సీబీ 750 నాలుగు సిలిండర్లకి నాలుగు కార్బొరేటర్లతో వచ్చింది. చెవితో రెంటిని పోల్చగలం గానీ నాలుగింటిని ఎలా? అప్పుడు టొరిచెల్లి గొట్టాలు నాలుగు పక్కపక్కన చెక్కకి బిగించుకుని వర్క్‌షాపులోకి నడిచొచ్చాయి. గ్రిప్ ఒక్కసారి జోరుగా తిప్పి వదిలితే మాత్రం పాదరసం ఇంజనులోకి గుటుక్కుమనేది. దాని ఆవిరి ఎంత విషమో ఇప్పుడు అందరికీ తెలుసు. పాదరసాన్ని అరికట్టే మినమాటా ఒప్పందాన్ని 2018లో మన దేశం కూడా ఆమోదించింది. ఉత్తర ఐర్లాండ్ వాళ్ళు పాదరసం బదులు గొట్టంలో స్టీలు కడ్డీ లేచే సాధనం చేశారు. అమెరికా వాళ్ళు రంగునీళ్ళలాంటి ద్రవం పోశారు.

ఏది కొనాలి అని అడిగితే, నాలుగు సిలిండర్లుంటే స్టీలు కడ్డీలది. ముల్లు గేజీలు చవగ్గా వస్తాయి, కానీ రెండు గేజీలు ఒకేమాట చెబుతున్నాయో లేదో నమ్మకం లేదు. రెంటినీ ఒకే సిలిండరుకి మార్చి మార్చి పెట్టి చూడనిదే వాటితో పని మొదలెట్టకూడదు. రెండు సిలిండర్లకైతే నా ఓటు మేస్త్రి గొట్టానికే. దుగ్గిరాల లాకుల్లో పడవ నిలిపినప్పుడు నీళ్ళ లోతెంత అని ఎవరూ కొలిచేవారు కాదు, రెండు పక్కలా మట్టం ఒకటైందా లేదా, అంతే, తలుపు తీసేవారు. ఇక్కడా అంతే. సిలిండర్లు పీల్చే శూన్యం ఎంతో మనకి అక్కర్లేదు, రెండు పక్కలా సమానమైతే చాలు. పైగా ఆయిల్ తేలిక. పాదరసంలో ఒక సెంటీమీటరు తేడా ఆయిల్లో పదిహేను సెంటీమీటర్ల పైచిలుకుగా కనిపిస్తుంది. పాస్కల్ సారా గొట్టం నేర్పిన పాఠమే.

వాడేటప్పుడు ముందు వాల్వు క్లియరెన్సులు, ఇన్‌టేక్ రబ్బర్ల పగుళ్ళు చూసుకోవాలి. అవి తప్పుంటే గొట్టం చెప్పేదీ తప్పే. నాలుగు మీటర్ల పారదర్శక గొట్టాన్ని యూ ఆకారంలో కర్రకి కట్టి, అడుగున ఆయిల్ పోసి, రెండు పక్కలా చేపల తొట్టెకి వాడే చిన్న వాల్వు ఒక్కోటి తగిలిస్తే మట్టం గంతులేయదు. కొసల దగ్గర ఖాళీ సీసా ఒక్కోటి పెడితే ఆయిల్ తన్నుకొచ్చినా అందులోనే పడుతుంది. పడకుండా ఇంజనులోకే పోయినా టూటీ ఆయిలే కాబట్టి తెల్లపొగ తప్ప నష్టం లేదు. బండి పది నిమిషాలు తిరిగి వేడెక్కాక ఐడ్లింగ్‌లో చూడాలి. ఆయిల్ ఎటు పైకి పాకితే అటు పక్కది తక్కువ తెరుచుకుందన్నమాట. రెంటినీ కలిపే స్క్రూని పిసరంత తిప్పాలి, ఒకసారి రేసింగ్ ఇచ్చి వదిలి, మళ్ళీ చూడాలి.

2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బళ్ళ నుంచి కార్బొరేటర్ వెళ్ళిపోయింది. అంతకుముందే, 2018 చివర్లో, రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 మన దేశంలో విడుదలైంది. రెండు సిలిండర్లు, ఫోర్ స్ట్రోక్, కార్బొరేటర్ల చోట రెండు థ్రాటిల్ బాడీలు. కంప్యూటరు పెట్రోలు కొలిచి పోస్తుంది గానీ రెండు తలుపులూ సమానంగా తెరవడం ఇప్పటికీ స్క్రూ పనే. రాజ్‌దూత్ 350కి పనికిరాని గొట్టం దీనికి పనికొస్తుంది. తెనాలి నుంచి రేపల్లె దాకా ఈ బళ్ళున్న కుర్రాళ్ళు షోరూముకి తీసుకెళ్ళేముందు, కట్టుబడి జరుగుతున్న ఏ ఇంటి దగ్గరో మేస్త్రిని ఒక పూట ఆ గొట్టం అడిగి చూడొచ్చు. ఇచ్చేటప్పుడు మాత్రం ఆయిలంతా కడిగి ఇవ్వాలి, లేకపోతే ఆయన నీళ్ళ మట్టం తప్పుతుంది.