గాలివాన వృత్తాంతరచన: పిడ్డింగ్టను మార్గము

అష్టాదశవర్ణనములలో ఋతువర్ణన మొకటి యగుటచే మన ప్రబంధకవులు మేఘములను, మెరుపులను, వెల్లువలను విరివిగా వర్ణించిరి. అట్టి వర్ణనము ఏ యేటి వర్షమునకైనను చెల్లును. వృత్తాంతము అట్లు కాదు. అది ఒక్క యేట, ఒక్క తీరమున, ఒక్క రాత్రి వీచిన గాలికి మాత్రమే చెల్లవలెను. ఈ భేదము నెరిగి, గాలివానకు చరిత్రము వ్రాయుట తాను నేర్చి పరులకు నేర్పినవారిలో హెన్రీ పిడ్డింగ్టను ముఖ్యుడు.

ఇతడు కొంతకాలము నౌకావృత్తియం దుండి, పిమ్మట కలకత్తాలో స్థిరపడిన ఆంగ్లేయుడు. తుఫానుల ధర్మమును గూర్చి 1838లో రీడు ప్రకటించిన గ్రంథము ఇతనికి దారి చూపెను. 1839 మొదలు ఇతడు బంగాళా ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వరుసగా వ్యాసములు వ్రాసెను. ఆ యేటి నవంబరులో గోదావరీముఖమందలి కోరంగి రేవును పాడుచేసిన తుఫానును గూడ ఇతడు పరిశోధించెను.

ఇతని పద్ధతి యిట్టిది. తుఫానులో చిక్కి బయటపడిన ఓడల దినచర్యపుస్తకములను సంపాదించును. ఏ గంటకు గాలి ఏ దిక్కునుండి వీచెను, వాయుభారమాపకమున పాదరసము ఎంత దిగెను, అప్పుడు ఓడ ఎచ్చట నుండెను అను మూడంశములను వానినుండి యెత్తి, ఒకదానితో నొకటి సరిచూచి, పటముపై గుర్తించును. ఒకే గంటలో ఒక నావికునికి ఉత్తరపుగాలియు, వేరొకనికి దక్షిణపుగాలియు తగిలినవనుకొందము. ఇరువురిలో నొకడు పొరబడెనని తోచును. కాని భూమధ్యరేఖకు ఉత్తరమున తుఫానుగాలి గడియారపుముల్లునకు ఎదురుగా చుట్టు తిరుగును. కావున మొదటివాడు తుఫానుకేంద్రమునకు పడమటను, రెండవవాడు తూర్పునను ఉండిరి. ఇరువురును సత్యమే చెప్పిరి. సాక్షులు విరోధించినప్పుడు ఒకరిని త్రోసివేయక, ఎవరు ఎచ్చట నిలిచి చూచిరో విచారింపవలెనను చరిత్రన్యాయ మిందు స్పష్టము.

1848లో ఇతడు నావికులకొరకు ఒక గ్రంథము ప్రకటించి, పాముచుట్టను స్ఫురింపజేయు గ్రీకుపదమునుండి 'సైక్లోన్' అను పేరు కల్పించెను. ఇంగ్లండులో బాలురు అక్షరములు నేర్చుటకు కొమ్మురేకు కప్పిన పలక యుండెడిది. ఆ పలకపేరే ఇతడు తన గ్రంథమునకు పెట్టి, గాలిచుట్టు గీసిన పారదర్శకమైన కొమ్మురేకులను దానికి జతపరచెను. 1789 డిసెంబరులో కోరంగిపై మూడు మహాతరంగములు ఒకదానివెంట నొకటి వచ్చిపడిన కథయు అందు గలదు.

వృత్తాంతము వ్రాయుట వినోదమునకు గాదని ఇతడు ఎరుగును. మాత్లానదిపై క్రొత్తరేవు కట్టదలచినప్పుడు, 1853లో గవర్నరు జనరలునకు బహిరంగలేఖ వ్రాసి, తుఫానువేళ ఉప్పునీరు 5 మొదలు 15 అడుగుల లోతున ఆ చోటును ముంచునని హెచ్చరించెను. ఆ మాట చెల్లలేదు. కానింగురేవు వెలసెను. పిడ్డింగ్టను 1858లో మృతినొందెను. 1867లో తుఫాను వచ్చి ఆ రేవును ధ్వంసము చేసెను.

ఈ మార్గమును విడిచినచో కలుగు దోషమునకు కోరంగియే నిదర్శనము. 1839 తుఫానున మూడులక్షలమంది మడిసిరని పలు పట్టికలలో గలదు. ఒక్క చిన్నరేవున, దాని పరిసరములందు అంతమంది యుండిరా, వారి నెవరు లెక్కించిరి అని విచారింపక, ఒకరిని జూచి ఒకరు వ్రాసికొనిన సంఖ్య యది. 1864 నవంబరు 1న మచిలీపట్టణమును, 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలను వ్రాయబూనువారు మొదట గంటను, గాలిదిక్కును, నీటియెత్తును, చూచినవాడు నిలిచిన చోటును నిర్ణయింపవలెను. శోకమును వర్ణించుట అటుపిమ్మటి పని. మృతుల సంఖ్యను ఊహచే పెంచుట వారికి గౌరవము గాదు.