ఏటికొప్పాక కొయ్య ఆభరణాలపై లక్క మెరుపు: రంగు, రక్షణల చరిత్ర

చేతితో చేసిన ఆభరణానికి మెరుపు అనేది చివరగా అద్దే పూత అన్న భావన నేడు సర్వసాధారణం. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో తయారయ్యే కొయ్య గాజులకు, పూసలకు ఈ భావన వర్తించదు. అక్కడ రంగు, రక్షణ, మెరుపు మూడూ ఒకే పనిలో, లక్క అనే ఒకే పదార్థం ద్వారా సిద్ధిస్తాయి.

మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మలపై జీవించే పురుగు స్రవించేది లక్క. ముడి లక్కలో నీటిలో కరిగే ఎర్రని రంగు, నీటిలో కరగని జిగురు ఉంటాయి. తెలుగు భాష ఈ భేదాన్ని పదాలలోనే నిలుపుకొన్నది. పాదాలకు పూసుకొనే రంగు లత్తుక; భారతకథలో పాండవుల కోసం కట్టించిన ఇంటికి పేరైనది లక్క. వర్తక చరిత్రలోనూ ఈ రెండింటి గతులు వేరయ్యాయి. 1856లో పెర్కిన్ కృత్రిమ వర్ణాన్ని కనుగొన్న తరువాతి దశాబ్దాలలో లక్క రంగుకు ఐరోపాలో గిరాకీ క్షీణించింది. జిగురు మాత్రం వార్నిష్‌లకు, అటుపై గ్రామఫోను రికార్డులకు ముడిసరుకుగా నిలిచింది.

ఏటికొప్పాక వృత్తికారులు అంకుడు కర్రను తరిమెన పట్టి గుండ్రంగా తీరుస్తారు. తిరుగుతున్న గాజుకు రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కొయ్యను అంటుకుంటుంది. దానిపై మొగలి ఆకును అదిమి పట్టగా పొర సమంగా పరచుకొని నిగనిగలాడుతుంది. ఇందులో కుంచె లేదు, ఆరబెట్టడమూ లేదు.

ఈ ఏకత్వం వల్లనే రంగులో వచ్చిన మార్పు మొత్తం పూతను ప్రభావితం చేసింది. కృత్రిమ రంగులు ప్రవేశించాక, వాటిలోని హానికర రసాయనాలు చెమట తగిలే గాజుపై, పిల్లలు నోట పెట్టుకొనే బొమ్మపై పైపొరలోనే నిలిచే ప్రమాదం ఏర్పడింది. సి.వి. రాజు చేపట్టిన సహజవర్ణ ప్రయోగాల ప్రాధాన్యం ఇక్కడే ఉన్నది. ఆకులు, బెరళ్లు, గింజల నుండి నీటిలో తీసే రంగులను నీటిలో కరగని లక్కలో ఇమడ్చడం సులభసాధ్యం కాదు. కనుక దీనిని పాత పద్ధతి పునరుద్ధరణగా మాత్రమే చూడరాదు. అది నూతన పదార్థ జ్ఞాన నిర్మాణం కూడా. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు, రాజుకు 2023లో పద్మశ్రీ లభించాయి.

లక్కకు పరిమితులు లేకపోలేదు. అధిక వేడికి అది మెత్తబడుతుంది, ఆల్కహాలులో కరుగుతుంది. ఈ విషయంలో కృత్రిమ వార్నిష్ దృఢతరమే. అయితే వేడికి మెత్తబడే గుణమే లక్క పొరను మళ్లీ కరిగించి సరిదిద్దే వీలు కల్పిస్తుంది. గట్టిపడిన పాలీయురిథేన్ పూతకు ఆ వీలు లేదు. మెరుపు ఒక్కటే ప్రమాణమైతే ఈ రెండు పూతల మధ్య భేదం కంటికి ఆనదు. కావున హస్తకళా చరిత్ర రచనలో పూతను అలంకరణ శీర్షిక కింద గాక, పదార్థం, శ్రమ, ఆరోగ్యం అనే మూడింటి సంబంధంగా పరిశీలించడం అవసరం.