ముఖం కొలత కాగితానిదే

జహీరాబాద్‌లో ఫోటో స్టూడియో నడిపే నాలాంటివాణ్ణి ప్రింట్ నొక్కబోయే ముందు కంప్యూటర్ రోజూ అవే నాలుగు ప్రశ్నలు అడుగుతుంది. కాగితం సైజెంత? ఏ రకం? చుట్టూ అంచు వదలాలా? బొమ్మను పేజీకి సరిపెట్టాలా, ఉన్న కొలతలోనే ఉంచాలా? పనికి కొత్తగా వచ్చిన పిల్లలు ఇవన్నీ ప్రింటర్ కంపెనీవాళ్లు పెట్టిన తిప్పలనుకుంటారు. నిజానికి ఈ పని పుట్టినప్పుడే పుట్టిన ప్రశ్నలివి. కంప్యూటర్ రాకముందు జవాబు చెప్పాల్సింది చేతులే.

నిజాం రాజ్యంలో ఫోటో అంటే ముందుగా గుర్తొచ్చేది రాజా దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. ఆ కాలంలో నెగటివ్ గాజు పలక. గుడ్డు తెల్లసొన పూసిన ఆల్బుమెన్ కాగితాన్ని ఆ పలకకు ఆనించి, చట్రంలో బిగించి ఎండలో పెట్టేవాళ్లు. అందుకని పలక ఎంతో ఫోటో అంతే. ఫుల్ ప్లేట్ అంటే ఆరున్నర, ఎనిమిదిన్నర అంగుళాలు. ఇంకా పెద్ద ఫోటో కావాలంటే ఇంకా పెద్ద కెమెరా, దాన్ని మోయడానికి మనుషులు. దీన్‌దయాళ్ గాజు నెగటివులు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో 2,800కు పైగా ఉన్నాయి. ఇప్పుడు మౌస్‌తో ఒక్క నొక్కుడులో మార్చే సైజు అప్పట్లో బరువుతో, కూలీతో తేలే లెక్క.

మా తరం పని నేర్చుకున్నది, నెగటివ్‌ను వెలుతురుతో కాగితం మీద పెద్దది చేసి వేసే ఎన్‌లార్జర్ కింద. నా గురువుగారు బీదర్‌లో పని నేర్చి వచ్చిన మనిషి. ఉర్దూ, కన్నడం, తెలుగు కలిపి తిట్టేవారు. ఈ ఊళ్లో మూడూ అందరికీ అర్థమవుతాయి కాబట్టి తప్పించుకునే దారి ఉండేది కాదు. 120 రోలు కెమెరాలో నెగటివ్ చదరంగా, ఆరు సెంటీమీటర్లకు ఆరుగా వచ్చేది. కాగితమేమో నిలువు. అందుకే బోర్డు మీద పట్టీలు జరుపుతూ ఎక్కడ కోయాలో చూసుకోవాలి. “మనిషిని కోయకు, గోడను కొయ్యి” అనేవారాయన. ఆ పట్టీల కింద పడిన జాగాకు వెలుతురు తగలదు గనక చుట్టూ తెల్లంచు మిగిలేది. పాత పెళ్లి ఫోటోల చుట్టూ కనిపించే ఆ అంచు సోకు కోసం పెట్టింది కాదు. కాగితం కదలకుండా పట్టుకున్న ఇనప పట్టీల గుర్తు.

ఎర్ర బల్బు వెలుతురులో కాగితానికి మందు పూసిన వైపు ఏదో కంటికి తెలిసేది కాదు. మూలను పెదాలకు తాకించి చూడాలి. ఏ వైపు అంటుకుంటే అది మందు వైపు. ఇప్పుడు ఇంక్‌జెట్ కాగితానికీ ఇదే పరీక్ష: తడి వేలు తాకిస్తే పూత ఉన్న వైపు కొద్దిగా అతుక్కుంటుంది. మా కుర్రాడు ఇది యూట్యూబ్‌లో చూసి నాకే నేర్పబోయాడు.

రకం సంగతి ఇంకా పెద్దది. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్‌ను ప్రభుత్వం 1960లో పెట్టింది. ‘ఇందు’ పేరుతో వచ్చే వాళ్ల సరుకు మా డార్క్‌రూమ్‌లో ఉండేది. బ్రోమైడ్ కాగితాల్లో సాఫ్ట్, నార్మల్, హార్డ్ అని నంబర్లు. చెరకు రైతు మిట్టమధ్యాహ్నం ఎండలో తెల్ల పంచె కట్టుకుని ఫోటో దిగితే నెగటివ్‌లో వెలుగుకూ నీడకూ తేడా విపరీతంగా ఉంటుంది. దాన్ని హార్డ్ కాగితం మీద వేస్తే పంచె సున్నపు గోడ, ముఖం నల్ల మచ్చ. సాఫ్ట్ మీద వేస్తేనే పంచె మడతలూ, ముఖం మీద గీతలూ రెండూ దక్కేవి. ముసురు రోజు తీసినదానికి హార్డ్ వాడేవాళ్లం. ఏ కాగితమో, ఎంతసేపో తేల్చడానికి ముందు సన్నటి ముక్క కోసి, కొంత కొంత భాగానికి వెలుతురు సేపు పెంచుకుంటూ కడిగి చూసేవాళ్లం. నేటి ప్రింటర్‌లో ‘కాగితం రకం’ అని ఎంచుకోవడం అంత లోతైన పని కాదుగానీ, తప్పితే శిక్ష మాత్రం అప్పటిదే. ఎంత సిరా వదలాలో ప్రింటర్‌కు దాన్నిబట్టే తెలుస్తుంది. గ్లాసీ పెట్టి ‘మామూలు కాగితం’ అని చెబితే ఫోటో వెలిసిపోయినట్టు వస్తుంది.

కలర్ వచ్చాక కడిగే పని మా చేతుల్లోంచి పోయింది. రోలు బస్సెక్కి బొంబాయి రోడ్డు మీదుగా పట్నం ల్యాబుకు వెళ్లేది, ఫోటోలు తిరిగొచ్చేవి. 35 ఎం.ఎం. ఫిల్ము గడి 24కు 36 మిల్లీమీటర్లు, అంటే రెండుకు మూడు. 4×6 కాగితం దానికి అచ్చంగా సరిపోతుంది. అదే 8×10 అడిగితే నిండుగా రావాల్సింది 8×12, రెండంగుళాలు పోవాల్సిందే. గ్రూపు ఫోటోలో ఆ రెండంగుళాల్లో ఎప్పుడూ ఎవరో ఒక మేనమామ ఉంటాడు. పంచాయితీ మా స్టూడియోలో. ఇప్పుడు ఫోన్ ఫోటో నాలుగుకు మూడు. 4×6 మీద నిండుగా వేస్తే అడ్డంగా తీసినదానికి పైనో కిందో అరంగుళం పోతుంది, సాధారణంగా తలపాగా.

అయితే ఈ ఊరి ముఖాలకు అసలు కొలత పెట్టింది ఆఫీసులే. 1993లో శేషన్ ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా ఉండగా ఓటరు ఫోటో కార్డు మొదలైంది. బ్యాంకు పాసుబుక్కు, గల్ఫ్ పాస్‌పోర్టు, హజ్ దరఖాస్తు, అన్నిటికీ ఫోటో. పండగకో పెళ్లికో స్టూడియో మెట్లెక్కే మనిషి కాగితం కోసం ఎక్కసాగాడు. “అన్నా, ఎనిమిది ఫోటోలు తియ్యి, జల్ది పోవాలె.” పాస్‌పోర్టు ఫోటో 35కు 45 మిల్లీమీటర్లు. 4×6 కాగితమంటే 102కు 152. నాలుగు నిలువు ఫోటోలు పక్కపక్కన, రెండు వరసలు: 140కి 90. ఎనిమిది చక్కగా కూర్చుంటాయి, చుట్టూ 6 మిల్లీమీటర్లు మిగులుతుంది. ఆ లెక్కను కొత్త పిల్లలు పాడుచేసేది రెండు మీటల దగ్గర. ‘పేజీకి సరిపెట్టు’ అంటే 35 కాస్తా 33 అవుతుంది. ‘అంచు లేకుండా’ అంటే కాగితం చివర తెల్లగా మిగలకూడదని ప్రింటర్ బొమ్మను కొద్దిగా సాగదీస్తుంది, ముఖం పెరుగుతుంది. కౌంటరు దగ్గర స్కేలు పెట్టే గుమాస్తా ఉంటే రెండూ వెనక్కొస్తాయి. నూటికి నూరు శాతం కొలత, చుట్టూ అంచు, అంతే. పెళ్లి ఆల్బమ్‌కు 12×36 షీట్లలో ఎన్ని పూలైనా చల్లుకోండి, నడి మడత మీద పెళ్లికూతురి ముక్కు పడకుంటే చాలు. పాస్‌పోర్టు షీటు దగ్గర కళ చూపించకూడదు.

పెద్దవాళ్లెవరైనా పోయినప్పుడు ఇంటివాళ్లు తెచ్చేది తరచుగా ఆ 35×45 ముక్కే. దండ వేయడానికి 12 అంగుళాల వెడల్పు కావాలంటారు. అంగుళానికి 300 చుక్కల లెక్కన అచ్చేసిన ముక్కలో అడ్డంగా ఉండేవి 413 చుక్కలు. 12 అంగుళాలకు పరిస్తే అంగుళానికి 34. ప్రింటర్‌లో నాణ్యత ఎంత పెంచినా లేని చుక్క రాదు. ఫోన్‌లో ముఖాన్ని నున్నగా దిద్దే యాప్‌లు తెలియని కళ్లు తెచ్చి పెడతాయి. కొడుకు మెచ్చుకుంటాడు, భార్య గుర్తుపట్టదు. నేను 8×10 దాటనివ్వను. గ్లాసీ వద్దని మ్యాట్ కాగితం మీద వేస్తాను. మ్యాట్ గరుకులో చుక్కల అంచులు కొంత కలిసిపోతాయి, అద్దం వెనక ఆరడుగుల దూరం నుంచి చూస్తే మనిషి మనిషిలాగే ఉంటాడు. ఇంకా పెద్దది కావాలని పట్టుబట్టే వాళ్లకు చుట్టూ వెడల్పుగా తెల్లంచు వదిలి 12×15 కాగితం మీద అదే 8×10 బొమ్మను వేసిస్తాను. ఫ్రేము పెద్దదే వస్తుంది, ధరా ఫ్రేముదే పడుతుంది.