తాతయ్య మద్రాసు, నాన్న హైదరాబాదు

మా తాడేపల్లిగూడెంలో పిల్లలకి చెవులు కుట్టించడం, అక్షరాభ్యాసం చేయించడం ఎలాగో, వేసవి సెలవల్లో ఒక్కసారన్నా "సిటీ చూపించడం" కూడా అలాంటి బాధ్యతే. అది చెయ్యని తండ్రిని ఊళ్ళో ఎవరూ ఏమీ అనరు గానీ, మావగారింట్లో మాత్రం అంటారు. ఆ సిటీ ఏది అన్నది మాత్రం తరానికొకటిగా మారింది. తాతయ్య మా నాన్నకి చూపించింది మద్రాసు. నాన్న నాకూ అక్కకీ చూపించింది హైదరాబాదు. 2025 వేసవిలో అక్క పిల్లలకి చూపించే డ్యూటీ నా మీద పడింది. కూకట్‌పల్లిలో డబుల్ బెడ్రూం ఫ్లాటున్న మేనమామని నేనొక్కణ్ణే మరి :)

పిల్లల్ని తిప్పుతుంటే ఒక సందేహం వచ్చింది. ఈ "చూడాల్సినవి" అనే లిస్టు అసలు ఎవరు తయారు చేస్తారు? జూ, మ్యూజియం, గుడి, పార్కు... ఎవరిని అడిగినా అవే చెప్తారు. కాస్త వెనక్కెళ్ళి తవ్వితే తెలిసిందేంటంటే, అది మనం అనుకున్నంత అమాయకమైన లిస్టు కాదు. రాజధాని ఎటు పోతే ఆ లిస్టు కూడా అటే పోయింది.

నిజానికి మన ప్రాంతానికి హైదరాబాదు కొత్తేం కాదు. గోల్కొండ సుల్తానులు 1570ల్లో రాజమండ్రి దాకా గెలిచారు. 1591లో చార్మినార్ కట్టేనాటికి ఏలూరు, కొల్లేరు చుట్టుపక్కలంతా వాళ్ళ పాలనలోనే ఉంది. తర్వాత మొగలాయిలు, వాళ్ళ వెనకే నిజాం. ఆ నిజాముల కాలంలో 1753లో ఏలూరు సర్కారు, రాజమండ్రి సర్కారు లాంటివి ఫ్రెంచివాళ్ళ చేతికెళ్ళాయి. వాళ్ళని ఇంగ్లీషువాళ్ళు తరిమేశారు. 1766లో నిజాంకి ఏటా ఇంత కడతామని ఒప్పందం రాసుకుని ఇంగ్లీషు కంపెనీ ఆ సర్కారుల్ని తీసుకుంది. ఆ ఒక్క సంతకంతో గూడెం వాడి పెద్ద ఊరు హైదరాబాదు కాకుండా పోయి మద్రాసు అయింది. ఆ సంగతి గూడెం వాణ్ణి ఎవరూ అడగలేదు, అది వేరే విషయం.

ఇక్కడో తమాషా ఉంది. నిజాం రైలు సికింద్రాబాదు నించి బెజవాడకి 1889లోనే వచ్చేసింది. బెజవాడ నించి మద్రాసుకి లైను పూర్తయింది 1899లో. అంటే పదేళ్ళ ముందే హైదరాబాదుకి రైలుంది. అయినా మనవాళ్ళు మద్రాసుకే ఎగబడ్డారు. కోర్టు అక్కడ, సెక్రటేరియట్టు అక్కడ, పెద్దాసుపత్రి అక్కడ, పత్రికలు అక్కడ, ఆఖరికి సినిమాలూ అక్కడే. పని ఉన్న ఊరికి పెద్దాళ్ళు వెళ్తారు, వాళ్ళ వెనకాల చూడ్డానికి పిల్లలు వెళ్తారు. రైలు పట్టాల కన్నా ముందు కాగితాలు దారి చూపిస్తాయన్నమాట.

మద్రాసులో మనవాళ్ళు చూసే వాటిల్లో రెండు పేర్లు మీ ఇంట్లో పెద్దాళ్ళని అడిగితే ఇప్పటికీ చెప్తారు: చచ్చిన కాలేజీ, బతికిన కాలేజీ. మొదటిది ఎగ్మోరు మ్యూజియం, రెండోది జూ. తమిళులూ ఇదే మాట వాడేవారు. కాలేజీ ఎందుకైందా అని చూస్తే, ఆ మ్యూజియం 1851లో మొదలైంది ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీ బిల్డింగులో. (మన సి.పి. బ్రౌన్ తెలుగు నేర్చుకున్న కాలేజీ ఇదే.) పేరు అక్కణ్ణించే అంటుకుని ఉంటుందని నా ఊహ. 1854లో మ్యూజియం ఎగ్మోరుకి మారింది. అప్పట్లో దాన్ని చూసుకునే బాల్ఫర్ అనే డాక్టరు దొరగారు 1855లో అక్కడే కాసిని బతికున్న జంతువుల్ని కూడా పెట్టాడు. వాటిని చూడ్డానికి జనం విరగబడేసరికి 1860ల్లో పీపుల్స్ పార్కుకి మార్చి జూ చేశారు. ఆ పక్కనే సెంట్రల్ స్టేషను, 1900 నించి మూర్ మార్కెట్టు. రైలు దిగి నడిచెళ్ళే దూరంలో పులి, ఆ పక్కనే బొమ్మల కొట్లు. చంకలో పిల్లల్నేసుకుని రైలు దిగేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? ఆ జూ 1985లో వండలూరుకి వెళ్ళిపోయింది. మూర్ మార్కెట్టు అదే ఏడాది కాలిపోయింది.

తాతయ్య 1974లో వెళ్ళాడు. అప్పుడు ఆయన రైసుమిల్లులో గుమాస్తా. నాన్నకి ఏడేళ్ళు. ఊళ్ళో వాళ్ళంతా కలిసి మాట్లాడుకున్న టూరిస్టు బస్సు. తిరుపతిలో మొక్కు తీర్చుకుని, గుళ్ళూ అవీ చూసుకుని, గుండ్లతోనే తిన్నగా మద్రాసు. అక్కడ మొదట దిగింది జూ దగ్గర కాదు, టీనగర్ బజుల్లా రోడ్డులో ఎన్టీఆర్ ఇంటి ముందు. ఆ రోజుల్లో తిరుపతి వెళ్ళిన తెలుగువాళ్ళ బస్సులు అలా ఆయన ఇంటికి రావడం మామూలేనని చాలామంది రాశారు కూడా. కొండ మీద ఒక వెంకటేశ్వరస్వామిని చూశాక, 1960లో ఆ వేషం కట్టిన ఆయన్ని కూడా చూస్తే గానీ యాత్ర పూర్తికాదు. "మీ నాయనమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టేసిందిరా, నేను ఆవిడ చెయ్యి లాగుతూనే ఉన్నాను" అంటాడు తాతయ్య. నాన్నకి మాత్రం జూలో సింహం నిద్రపోవడం ఒక్కటే గుర్తుంది.

ఎగ్మోరు మ్యూజియంలో వాళ్ళు చూసినవాటిల్లో అమరావతి శిల్పాలున్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు పంపించిన రాళ్ళవి. వాటిల్లో చాలా భాగం 1859లో లండన్ వెళ్ళిపోయింది. తర్వాత తవ్వినవి మళ్ళీ మద్రాసు చేరాయి. కృష్ణ ఒడ్డున చెక్కిన రాయిని చూడ్డానికి కృష్ణ దాటి, అన్నేసి మైళ్ళు పోయి, "చచ్చిన కాలేజీ" అని ఒక చోటికి వెళ్ళి చూసొచ్చారు మనవాళ్ళు. అవి మనవే అని తాతయ్యకి అక్కడ ఎవరూ చెప్పలేదట.

తాతయ్య వెళ్ళేనాటికే మద్రాసు మనది కాకుండా పోయి ఇరవయ్యేళ్ళు దాటింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, రాజధాని కర్నూలు. 1956 నవంబరు 1న హైదరాబాదు. కానీ రాజధాని మారినంత తొందరగా జనం అలవాటు మారదు. సినిమా ఇంకా మద్రాసులోనే ఉంది కదా.

కొత్త రాష్ట్రానికి వచ్చిన చిక్కేంటంటే, కోస్తావాడికి హైదరాబాదు అంటే నవాబుల ఊరు, ఉర్దూ ఊరు. దాన్ని "మన" ఊరు చెయ్యాలి. అందుకే వరసపెట్టి కట్టారని నాకనిపిస్తుంది. 1961లో రవీంద్రభారతి. 1963లో మీరాలం చెరువు పక్కన జూ. 1968లో సాలార్‌జంగ్ మ్యూజియానికి మూసీ ఒడ్డున కొత్త బిల్డింగు. 1976లో నౌబత్ పహాడ్ మీద పాలరాతి బిర్లా మందిరం, అందులో ఉన్నది సాక్షాత్తూ వెంకటేశ్వరస్వామి. అందరూ సర్కారువాళ్ళు కాకపోవచ్చు, బిర్లాల లెక్క బిర్లాలకి ఉంటుంది. కానీ గోదావరి జిల్లా నించి వచ్చే నాయనమ్మకి చార్మినార్ ఒక్కటీ చూపిస్తే సరిపోదు, దణ్ణం పెట్టుకోడానికో చోటు కావాలి. అది దొరికింది. ఇక 1974 ఫిబ్రవరి 1న గోదావరి ఎక్స్‌ప్రెస్ మొదలైంది. సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి సిటీ. తాతయ్య మద్రాసు బస్సెక్కిన ఏడాదే!

నాకు అన్నిటికన్నా వింతగా అనిపించేది ఎన్టీఆర్ సంగతి. మద్రాసులో ఆయనే ఒక చూడాల్సిన వస్తువు. 1983లో ముఖ్యమంత్రి అయ్యి హైదరాబాదు వచ్చాక, చూపించేవాడయ్యాడు. 1986లో ట్యాంక్‌బండ్ మీద వరసగా తెలుగువాళ్ళ విగ్రహాలు పెట్టించాడు. హుస్సేన్‌సాగర్ మధ్యలో బుద్ధుణ్ణి నిలబెట్టే పని కూడా ఆయనే మొదలెట్టాడు. 1990 మార్చి 10న తీసుకెళ్తుంటే విగ్రహం నీళ్ళలో పడిపోయింది, మనుషులు కూడా పోయారు. 1992 డిసెంబరులో గానీ లేచి నిలబడలేదు. తన ఇంటి ముందుకి వచ్చి ఆగిన గుండ్ల బస్సులు ఆయనకి బాగా గుర్తుండి ఉంటాయి. మనవాళ్ళకి ఏం చూపించాలో ఆయనకి తెలిసినంత ఏ ప్లానింగు డిపార్టుమెంటుకీ తెలీదు.

2006లో నాన్న మమ్మల్ని తీసుకొచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. సాలార్‌జంగ్‌లో ఆ గడియారం ముందు కూచోబెట్టాడు. గడ్డపాయన బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోతాడు, క్రాన్ జాబ్ లాగా, ఎప్పుడూ ఫెయిల్ అవ్వడు. దానికోసం వంద మంది కింద కూచుని ఎదురుచూస్తారు. పన్నెండు గంటలప్పుడయితే ఇంకా ఎక్కువ. ట్యాంక్‌బండ్ మీద నాన్న మమ్మల్ని ఆపింది ఒక్క విగ్రహం దగ్గరే: "ఇదుగో, మన కాటన్ దొర." ధవళేశ్వరం ఆనకట్ట గూడెం నించి గంటన్నర ప్రయాణం. అప్పటికి అది మాకు చూపించలేదు. ఆ దొరని చూడ్డానికి రాత్రంతా రైల్లో వచ్చాం!

చివరి రోజు సిటీ బస్సులో సైబర్ టవర్స్‌కి తీసుకెళ్ళాడు. 1998లో ప్రారంభించిన ఆ గుండ్రటి బిల్డింగు అప్పట్లో చార్మినార్‌తో సమానంగా లిస్టులో ఉండేది. మీలో చాలామంది దాని ముందు నిలబడి ఫొటో దిగే ఉంటారు, ఒప్పుకోండి. లోపలికి రానివ్వరు కాబట్టి గేటు బయటే నిలబడి, "ఇందులో కూచుని అమెరికావాళ్ళకి పని చేస్తారంట" అన్నాడు నాన్న. మనలో ఎంతమంది ఇంజినీరింగు ఆ గేటు బయట మొదలైందో!

2011 మార్చి 10న మిలియన్ మార్చ్‌లో ట్యాంక్‌బండ్ విగ్రహాలు చాలా పడగొట్టారు. (బుద్ధుడు మునిగిన తేదీ కూడా అదే, కాకతాళీయం.) టీవీలో చూసి నాన్న ఆ పూట అన్నం తినలేదు. పడగొట్టడం తప్పే. కానీ ఇన్నేళ్ళు ఇక్కడ బతికాక నాకు ఇంకో మాట కూడా వినిపిస్తోంది: ఆ వరసలో మావాళ్ళు ఎంతమంది అని తెలంగాణ వాళ్ళు ముందు నించీ అడుగుతూనే ఉన్నారు. మనం పిల్లలకి "ఇదంతా మనది" అని చూపిస్తున్నప్పుడు, పక్కన నిలబడ్డ ఇంకో తండ్రి తన పిల్లలకి ఏం చెప్పుకోవాలో ఆ లిస్టు రాసినవాళ్ళు పెద్దగా ఆలోచించలేదు. విగ్రహాలు తర్వాత మళ్ళీ పెట్టారు. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. పదేళ్ళ ఉమ్మడి రాజధాని గడువు 2024 జూన్ 2తో అయిపోయింది.

పోయిన వేసవిలో లిస్టు చాలా మారిపోయింది. పిల్లలకి చార్మినార్ కన్నా మెట్రో నచ్చింది. దుర్గంచెరువు కేబుల్ బ్రిడ్జి దగ్గర గంటసేపు కదల్లేదు. జూలో గూడబాతుల్ని చూసి పెద్దాడు "ఇవి ఆటపాకలో బోల్డున్నాయి, పద" అన్నాడు. కొల్లేటి పిల్లాడి ముందు ఆ పప్పులుడకవు. హుస్సేన్‌సాగర్ చుట్టూ ఇప్పుడు కొత్త రాష్ట్రం లిస్టు: 125 అడుగుల అంబేద్కర్, కొత్త సెక్రటేరియట్టు, అమరుల జ్యోతి, మూడూ 2023లోనే. (2024 జనవరిలో విజయవాడలోనూ 125 అడుగుల అంబేద్కర్ లేచాడు. విడిపోయినా కొలతలు ఒకటే.)

ఆ సెక్రటేరియట్టు ముందు పెద్దాడు, పదేళ్ళవాడు, అడిగాడు.

"మావయ్యా, ఇది మన సెక్రటేరియట్టా?"

"కాదురా, తెలంగాణది."

"మరి నువ్వు తెలంగాణానా?"

నా ఆధార్‌లో కూకట్‌పల్లి అడ్రసు, ఓటు గూడెంలో. ఏం చెప్పను? ఐస్‌క్రీం తింటావా అన్నాను. వాడు తింటానన్నాడు గానీ, కారెక్కాక మళ్ళీ అదే ప్రశ్న. వాడి సోషల్ పుస్తకంలో రాజధాని అమరావతి. అక్కడికి శంకుస్థాపన 2015లో జరిగింది, వీడు పుట్టిన ఏడాది. పిల్లల్ని తీసుకెళ్ళి రెండ్రోజులు తిప్పడానికి అక్కడ జూ లేదు, గంట కొట్టే గడియారం లేదు. ఊరు పూర్తయితే అవీ వస్తాయేమో. అప్పటిదాకా వాడికి సిటీ అంటే ఇదే, ఇది వాడిది కాదని నేను చెప్పాలి. నాన్నకి ఆ అవసరం రాలేదు. తాతయ్యకి వచ్చింది గానీ ఆయన పట్టించుకోలేదు, ఎన్టీఆర్ ఉన్నంతకాలం ఆయనకి మద్రాసు మనదే.

వచ్చే వేసవికి అక్క చెన్నై అంటోంది. అమరావతి రాళ్ళు ఎగ్మోరులో ఉన్నాయని నేను చెప్పాక పట్టుదల ఇంకా పెరిగింది. తాతయ్యకి 85 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. తనూ వస్తానంటున్నాడు. మ్యూజియం ఆయనకి అక్కర్లేదట, బజుల్లా రోడ్డు ఒక్కటీ చూపిస్తే చాలట.