యాప్ ఇన్‌స్టాల్: ఒక్క ఫోన్‌కు ఒక లెక్క.. ఆఫీసు మొత్తానికి ఇంకో లెక్క.. ఈ-పంట సీజన్‌లో ఇవి తెలుసుకోండి

అనంతపురం జిల్లాలో నాలుగు చినుకులు పడితే చాలు.. రైతులు వేరుశనగ విత్తనానికి పరుగులు పెడతారు. విత్తు పడ్డాక ఇంకో పని ఉంటుంది. అదే ఈ-పంట నమోదు. పంటల బీమా, ఇన్‌పుట్ సబ్సిడీ, మద్దతు ధర.. వీటికి ఆ ఎంట్రీనే ఆధారం. వాన ఎప్పుడు మొహం చాటేస్తుందో తెలియని ఈ జిల్లాలో ఎంట్రీ లేకపోతే, పంట ఎండిన రైతుకు సాయం అందడం కష్టం. ఈ నమోదంతా రైతు సేవా కేంద్రం సిబ్బంది చేతిలోని యాప్‌లోనే జరుగుతుంది. అందుకే ఇక్కడ యాప్ ఇన్‌స్టాల్ చిన్న విషయం కాదు.

రైతు ఫోన్‌లో అయితే..

సొంత ఫోన్‌కు ముఖ్యంగా చూసుకోవాల్సింది ఒక్కటే.. యాప్ ఎక్కడి నుంచి వస్తోంది? పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు పంపి మోసాలు చేస్తున్నారు. ఫైల్ నొక్కగానే 'తెలియని యాప్‌ల'కు అనుమతి ఇవ్వమని ఫోన్ అడుగుతుంది. అక్కడే ఆగిపోవాలి. ఓకే కొడితే ఎస్ఎంఎస్‌లు చదివే పర్మిషన్ తీసుకుని ఓటీపీలు లాగేస్తాయి. అసలు పీఎం కిసాన్ యాప్ ప్లే స్టోర్‌లో ఉంది. 2023 జూన్ నుంచి అందులో ముఖం చూపించి ఈ-కేవైసీ చేసుకోవచ్చు. మట్టి పనితో వేలిముద్రలు అరిగిపోయిన పెద్దవాళ్లకు ఇది నిజంగా ఉపయోగమే. డబ్బు పోతే మాత్రం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

ఆఫీసు మొత్తానికి అయితే..

వందల ఫోన్లలో ఒకే యాప్ వేయాలంటే ప్రశ్నలు మారిపోతాయి. అన్ని ఫోన్ల ఆండ్రాయిడ్ వెర్షన్ ఒకటేనా? స్టోరేజీ ఉందా? సిగ్నల్ లేని పొలంలో పనిచేస్తుందా? ఎండీఎం అనే సాఫ్ట్‌వేర్ ఉంటే ఒక్క చోట నుంచే అన్ని ఫోన్లకూ యాప్ పంపొచ్చు. అయితే అందరికీ ఒకేసారి పంపడం మంచిది కాదు. ముందు రెండు మూడు కేంద్రాల్లో పెట్టి చూడాలి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ ఒక్కసారిగా వెళ్లి ప్రపంచవ్యాప్తంగా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చింది ఆ రోజే!

అన్‌ఇన్‌స్టాల్‌తోనే అసలు చిక్కు

యాప్ మొరాయిస్తే చాలామంది చేసే మొదటి పని.. తీసేసి మళ్లీ వేసుకోవడం. సర్వర్‌కు వెళ్లని ఎంట్రీలు ఆ యాప్‌లోనే ఉంటే అవి కూడా పోతాయి. 'క్లియర్ డేటా' నొక్కినా అంతే. అంటే రైతు పొలం దగ్గర తీసిన ఫొటో, సర్వే నంబరు మళ్లీ మొదటికొస్తాయి. కాబట్టి ముందు సింక్, తర్వాతే రిపేరు. పాతదాని మీదే అప్‌డేట్ వేస్తే మామూలుగా డేటా ఉంటుంది.

టైమింగ్ కూడా ముఖ్యమే. కొత్త వెర్షన్ జూన్‌కు ముందే పూర్తయితే మేలు. పాతది ఏ తేదీ వరకు పనిచేస్తుందో సిబ్బందికి ముందే చెప్పాలి. లేదంటే సిగ్నల్ లేని గట్టు మీద 'అప్‌డేట్ చేయండి' అన్న మెసేజ్ ఒక్కటే కనిపిస్తుంది.

రైతులు నమోదు కాగానే రసీదు అడిగి తీసుకోవాలి. సామాజిక తనిఖీ కోసం కేంద్రంలో పెట్టే జాబితాలో పేరు, పంట, విస్తీర్ణం సరిగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. తప్పుంటే అభ్యంతరాల గడువు ముగిసేలోపే చెప్పాలి.