గూఢలిపి సందేశాలు: ఒకే ఖాతా, పలు పరికరాలు

పంపినవారికీ అందుకున్నవారికీ తప్ప మధ్యలో మోసేవారికి అర్థం కాని రీతిలో ఫోన్లు, కంప్యూటర్ల మధ్య నడిచే సందేశ సేవలివి. వాట్సాప్, సిగ్నల్ వీటిలో ప్రసిద్ధమైనవి.

1850లలో మొదలై 2013 జులైలో ముగిసిన మన దేశపు తంతి సేవలో ఈ మరుగు లేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులకు వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగువారు ఇంటికి పంపిన తంతి అయినా గుమాస్తా చదివి కొట్టాకే కదిలేది.

1976లో గూఢలిపి పరిశోధకులు డిఫీ, హెల్‌మన్ అపరిచితుల మధ్య కూడా రహస్య తాళంచెవి కుదిరే మార్గం చూపారు. 2013లో గూఢలిపి నిపుణులు పెరిన్, మార్లిన్‌స్పైక్ ప్రతి సందేశానికీ చెవి మారిపోయే పద్ధతి రూపొందించారు. ఒకవైపే తిరిగే పళ్లచక్రంలా అది వెనక్కి రాదు; ఇవాళ్టి చెవి దొరికినా నిన్నటి మాటలు తెరుచుకోవు. చెవి చోరీ అయినా తర్వాత తానే కోలుకుంటుంది కనుక, తెగిన కాలు మళ్లీ మొలిపించుకునే మెక్సికో జలచరం ఆక్సొలాటల్ పేరే మొదట దీనికి పెట్టారు. వాట్సాప్ 2014 నవంబరులో దీన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో ప్రవేశపెట్టి, 2016 ఏప్రిల్ 5 నాటికి వాడుకరులందరికీ వర్తింపజేసింది.

చిక్కు రెండో పరికరంతో వచ్చింది. 2015 జనవరిలో వచ్చిన వాట్సాప్ వెబ్ ఫోనుకు అద్దం మాత్రమే. ఫోను ఛార్జింగ్ అయిపోతే కంప్యూటరూ మూగబోయేది. 2021 జులైలో ప్రకటించిన విధానంలో ప్రతి పరికరానికీ సొంత చెవి ఉంటుంది. ఖరగ్‌పూర్ పక్కన సాలువా నుంచి ఒకరు తమ ఫోనులో విజయనగరంలోని అమ్మకు "చేరాను" అని పంపారనుకుందాం. అమ్మ ఫోనుకొకటి, అమ్మ టాబ్లెట్‌కొకటి, పంపినవారి కంప్యూటర్‌కొకటి: ఆ ఒక్క మాటే మూడు వేర్వేరు తాళాలతో బయలుదేరుతుంది. ఏ తాళమూ సర్వరు తీయలేదు. కొత్త పరికరాన్ని క్యూఆర్ కోడ్‌తో జోడించినప్పుడు పాత సందేశాలను ఫోనే తాళం వేసి దానికి పంపుతుంది. పరికరానికో చెవి చక్కని ఉపాయమే, ఆపిల్ ఐమెసేజ్ 2011లోనే ఆ దారి పట్టింది. టెలిగ్రాం యాప్‌లోని రహస్య సంభాషణలు మాత్రం మొదలుపెట్టిన పరికరం దాటి రావు.

ఎవరు ఎవరికి, ఎప్పుడు పంపారన్నది ఈ తాళాలు దాచవు. క్లౌడ్‌లో దాచే వాట్సాప్ బ్యాకప్‌కు తాళం 2021 అక్టోబరులో వచ్చింది. సెట్టింగుల్లోకి వెళ్లి వాడుకరే దాన్ని వేసుకోవాలి.