ప్రాజెక్టుకో చిట్టా

హైదరాబాద్ ఉస్మాన్‌గంజ్ టోకు బజారులో లారీ ఆగితే చాలు, కాంటా, హమాలీ, బేరం అన్నీ ఒక్కసారే మొదలవుతాయి. ఆ వీధిలో గంట నిలబడితే తొమ్మిదో తరగతి కుర్రాడికి పది ప్రశ్నలు పుడతాయి. కానీ బడిలో ‘ప్రాజెక్టు’ అనగానే వాడు చార్టూ థర్మోకోలూ కొనడానికి పరుగెడతాడు.

అసలీ మాట బడిలోకి ఎలా వచ్చింది? మొదట అది వాస్తుశిల్పులది. రోమ్, ప్యారిస్ అకాడమీల్లో విద్యార్థులు కట్టబోయే భవనానికి గీసే నమూనాను అలా పిలిచేవారు. 1908 ప్రాంతంలో అమెరికాలోని మసాచుసెట్స్‌లో రూఫస్ స్టిమ్సన్ వ్యవసాయ బడి పిల్లలకు ఇంటి పొలంలోనే పని అప్పగించి, ఖర్చూ రాబడీ రాసిపెట్టమన్నాడు. పిల్లల పనిని దశలవారీగా దాచే నేటి పోర్ట్‌ఫోలియోకు తాత ఆ పద్దుల పుస్తకమే అనుకోవచ్చు. 1918లో అమెరికా విద్యావేత్త కిల్పాట్రిక్ ఈ పద్ధతికి నాలుగు మెట్లు కట్టాడు: ఏం చేయాలో తేల్చుకోవడం, ఎలా చేయాలో ఆలోచించడం, చేయడం, చేసింది సరిచూసుకోవడం.

మన దేశంలో ఈ కథ ఉస్మాన్‌గంజ్ పొరుగునే ఉన్న బేగంబజార్‌ను తాకుతుంది. 1897లో హైదరాబాద్‌లో పుట్టిన విద్యావేత్త జాకిర్ హుస్సేన్ కుటుంబం ఇల్లు అక్కడిదే. 1937 అక్టోబరులో వార్ధా సభలో గాంధీజీ చేతిపని ద్వారా చదువు అనే ఆలోచన ముందుంచారు. ఇది కొత్తదేమీ కాదని, అమెరికాలో దీన్ని ప్రాజెక్టు పద్ధతి అంటారని ఆయన ఎదుటే చెప్పింది జాకిర్ హుస్సేన్. ఆ ఆలోచనకు రూపమివ్వడానికి సభ వేసిన కమిటీ అధ్యక్ష బాధ్యత జాకిర్ హుస్సేన్‌కే దక్కింది. బడి రోజులో 3 గంటల 20 నిమిషాలు చేతిపనికి కేటాయించిన ఆ కమిటీ నివేదికే ఒక హెచ్చరిక కూడా చేసింది: పిల్లల చేత ఎంత సరుకు చేయించామన్న లెక్కలో పడి చదువును మరచిపోవద్దని.

నాడు సరుకు లెక్క, నేడు మార్కుల లెక్క. ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టు పనికి మార్కులుండటంతో, చేసిన దారి కంటే చేసిన వస్తువే ముందుకొచ్చింది.

దారి చూపే ఉదాహరణలూ ఉన్నాయి. కేంద్రం నడిపే ఇన్‌స్పైర్ మానక్ పథకంలో 6 నుంచి 12వ తరగతి పిల్లల ఆలోచన ఎంపికైతే నమూనా కోసం 10,000 రూపాయలిస్తారు. రాజన్న సిరిసిల్ల జిల్లా ప్రభుత్వ బడి కుర్రాడొకడు వడ్లు గోతాల్లో నింపడానికి ఇంట్లోవాళ్లు పడే అవస్థ చూసి ఆ పని తేలిక చేసే బండి తయారుచేశాడు. ప్రశ్న ఇంటిదే, జవాబూ అక్కడి నుంచే.

ఉస్మాన్‌గంజ్ పిల్లలకు టీచర్ చేయగల సాయమూ ఇదే. ‘ఏం చేశావు’ కన్నా ముందు ‘ఏం చూశావు’ అని అడగాలి. పాత షావుకార్లు లాభం వచ్చిన రోజే కాదు, నష్టపోయిన రోజు కూడా చిట్టా రాసేవారు. పిల్లాడి ఫైలూ అలాగే ఉండాలి: పుట్టిన ప్రశ్న, తప్పిన కొలత, కొట్టేసిన బొమ్మ, మళ్లీ చేసిన ప్రయత్నం. కొట్టివేత ఒక్కటీ లేని చిట్టాను గంజ్‌లో ఎవరు నమ్ముతారు?